ఐదు గళ్లలో ఒక ఇంగ్లీషు మాట

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడమన్నారు కదా అని పుస్తకాల గొప్పదనం గురించి చెబుతానని అనుకోకండి. ఆ పని నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు బాగానే చేశారు. నేను అంతకన్నా చిన్న సంగతి పట్టుకొచ్చాను. బోర్డు మీద ఐదు గళ్లు గీశాను, చూడండి. మూడో గడిలో ఏ వేశాను, ఐదో గడిలో డి వేశాను. మిగతా మూడూ ఖాళీ. ఈ గళ్లలో పట్టే ఇంగ్లీషు మాట చెప్పండి.

స్టాండ్, సరే. బ్రాండ్, గ్రాండ్, బావున్నాయి. గార్డ్, అదీ సరిపోతుంది. బ్రెడ్ అన్నది ఎవరమ్మా? బి, ఆర్, ఇ, ఏ, డి. ఏ నాలుగో గడిలోకి పోయింది, కాబట్టి కుదరదు. కానీ మరొకటి చూడండి. ఇంతమందిలో ఫ్రాడ్ అని ఎవరూ అనలేదు. ఎఫ్, ఆర్, ఏ, యు, డి. చక్కగా సరిపోతుంది, పైగా మనం రోజూ పేపర్లో చదివే మాట. ఎందుకు తట్టలేదు? ఎందుకంటే మనం గళ్లు చూస్తూ చెవితో వెతుకుతాం. స్టాండ్ తట్టగానే దానితో ప్రాస కుదిరే బ్రాండ్, గ్రాండ్ వరసగా వచ్చేశాయి. ప్రాస అక్కడ ఆగింది, మనమూ ఆగిపోయాం.

తెలుగువాళ్లకు ఈ అలవాటు కాస్త ఎక్కువే. మన రాతలో పలికిందే రాస్తాం, రాసిందే పలుకుతాం. నైఫ్ అనే మాట కెతో మొదలవుతుందని చిన్నప్పుడు కంఠతా పట్టాం గానీ, కెతో మొదలయ్యే మాటలు చెప్పమంటే అది మనకు గుర్తు రాదు. నతో మొదలయ్యే మాటల్లోనే ఎక్కడో దాక్కుని ఉంటుంది. ఫోన్ కూడా అంతే, పి కింద వెతకం. కాబట్టి ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ ఆటలో ఇంగ్లీషు ఎంత వచ్చు అన్నదానికన్నా, ప్రశ్న ఎంత సూటిగా వేసుకున్నారన్నదే ఎక్కువ పనిచేస్తుంది. ముఖ్యంగా, ఏ అక్షరం ఉందో తెలుసుకోవడంతో సమానంగా ఏది లేదో, ఎక్కడ లేదో తెలుసుకోవడం పనికొస్తుంది. అది మాత్రం మనం పట్టించుకోం.

"ఏ ఉన్న ఐదక్షరాల మాట" అంటే వినడానికి ఒకే ప్రశ్న. లోపల చాలా ఉన్నాయి. ఏ ఫలానా గడిలోనే ఉందా? ఎక్కడో ఒకచోట ఉందా? ఫలానా చోట తప్ప ఇంకెక్కడైనా ఉండొచ్చా? రెండుసార్లు ఉందా? ఏ ఉంది సరే, ఇంకేవి ఉండకూడదు? అవధానాలు చూసినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఏం చేస్తాడు? ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం రావాలంటాడు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం పలికినప్పుడల్లా తర్వాత ఏది రాకూడదో చెబుతూ అడ్డం పడతాడు. ఇవి రెండూ కలిపి, ఛందస్సు తీసేసి, అర్థం పూర్తిగా వదిలేసి, ఐదు గళ్లలో పెడితే వర్డిల్ అవుతుంది. (నవ్వులు) అవధాని పని చాలా కష్టం లెండి, ఆయన అన్ని నిషేధాల మధ్య పద్యం కూడా చెప్పాలి.

వర్డిల్ పేరు ఎత్తాను కాబట్టి దాని సంగతి కొంచెం చెబుతాను. జాష్ వార్డిల్ అని న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, తన భాగస్వామి పలక్ షా కోసం తయారు చేసిన ఆట ఇది. ఇంటిపేరుకి కాస్త మెలిక పెట్టి ఆ పేరు పెట్టాడు. 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులో పెట్టాడు. నవంబరు 1న ఆడినవాళ్లు 90 మంది. రెండు నెలలు తిరిగేసరికి 3 లక్షలు దాటారు. 2022 జనవరి నెలాఖరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కొనేసింది. రోజుకి ఒకటే మాట, ఐదు అక్షరాలు, ఆరు అవకాశాలు. మనం ఒక మాట కొడితే, సరైన గడిలో పడ్డ అక్షరం ఆకుపచ్చ, మాటలో ఉండి గడి తప్పినది పసుపు, అసలు లేనిది బూడిద రంగు. అంతే.

ఈ ఆటలో తెలివి ఎక్కడుందంటే, రంగుల్లో కాదు, జాబితాలో ఉంది. ఇంగ్లీషులో ఐదక్షరాల మాటలు పన్నెండు వేల పైచిలుకు తేలాయి. వాటిలో సగానికి సగం ఎవరూ ఎప్పుడూ విననివి. పలక్ షా కూర్చుని ఒక్కో మాటా చూసి, తెలుసు, తెలియదు అని వేరుచేసింది. చివరికి 2,500 దాకా మిగిలాయి. ఆట మొదలైనప్పుడు జవాబుల జాబితాలో 2,315 మాటలు ఉండేవి. మనం ఊహగా కొట్టడానికి మాత్రం పన్నెండు వేలలో ఏదైనా ఒప్పుకునేది. అప్పట్లో జవాబుగా వచ్చేవి మాత్రం ఆ చిన్న జాబితాలోవే. అందుకే ఇంటర్నెట్టులో "ఈ అక్షరాలున్న మాటలు చూపించు" అని అడిగితే వచ్చే పెద్ద పట్టికను చూసి కంగారు పడొద్దు. ఆ పట్టిక ఏ నిఘంటువులోంచి వచ్చిందో ముందు చూసుకోండి. స్క్రాబుల్ అనే అక్షరాల బిళ్లల ఆటకు వాడే నిఘంటువైతే అందులో లేని వింత ఉండదు.

సరే, ఒక ఆట ఇక్కడే ఆడదాం. అక్షరం అక్షరం రాస్తాను.

మొదటి మాట క్రేన్. సి, ఆర్, ఏ, ఎన్, ఇ. ఫలితం ఇలా వచ్చిందనుకోండి. ఏ ఆకుపచ్చ, అంటే మూడో గడి ఖాయం. ఆర్ పసుపు, అంటే ఉంది గానీ రెండో గడిలో లేదు. సి, ఎన్, ఇ మూడూ లేవు. ఇప్పుడు అందరి కన్నూ ఆకుపచ్చ ఏ మీదే ఉంటుంది. దాన్ని వదిలేసి ఆర్ గురించి ఆలోచించండి. రెండో గడిలో లేదు, మూడో గడిని ఏ తీసేసుకుంది. ఇక ఆర్‌కు మిగిలినవి ఒకటి, నాలుగు, ఐదు. మొదట ఆర్ పెడితే రోస్ట్ లాంటిది ఒకటి తడుతుంది. చివర పెడితే స్టెయిర్, ఫ్లెయిర్. నాలుగులో పెట్టి చూడండి. స్మార్ట్, స్టార్ట్, షార్క్, షార్ప్, స్పార్క్, బోర్డ్, గార్డ్, డైరీ, అలారం, అపార్ట్, క్వార్ట్, డ్వార్ఫ్... అన్నీ కలిపి పాతిక దాకా వస్తాయి. అంటే ఆర్ నాలుగో గడిలో ఉందని దాదాపు చెప్పేయొచ్చు. ఆ సంగతి మనకు చెప్పింది ఆకుపచ్చ గడి కాదు, రెండో గడిలో ఆర్ లేదన్న కబురు.

రెండో మాట షార్డ్. ఎస్, హెచ్, ఏ, ఆర్, డి. గాజు పెంకు అని అర్థం. ఎందుకు అదే? ఆ పాతికలో ఎస్‌తో మొదలయ్యేవి చాలా ఉన్నాయి, డితో ముగిసేవి కొన్ని ఉన్నాయి. రెండూ ఒకేసారి తేలిపోతాయి. ఫలితం: ఎస్ లేదు, హెచ్ లేదు, మిగతా మూడూ ఆకుపచ్చ. అంటే చివరి మూడు గళ్లు ఏ, ఆర్, డి. ముందు రెండు గళ్లు ఖాళీ. హెచ్ లేదు కాబట్టి హోర్డ్ పోయింది. మామూలు మాటల్లో మిగిలినవి ఎన్ని? బోర్డ్, గార్డ్... ఇంకా?

అవార్డ్! శభాష్ బాబూ. ఇది చాలామందికి తట్టదు. ఏ ఒకచోట దొరికింది కదా, ఇక దాని పని అయిపోయిందనుకుంటాం. దొరికిన అక్షరం ఇంకోసారి రాకూడదని ఎవరూ చెప్పలేదు. ఏ, డబ్ల్యూ, ఏ, ఆర్, డి. స్క్రాబుల్ నిఘంటువు తీస్తే ఇదే నమూనాలో ఇజార్డ్ అని ఒక కొండమేక, లియార్డ్ అని ఒక పాత ఫ్రెంచి నాణెం కూడా కనిపిస్తాయి. వాటిని రోజువారీ ఆటలో జవాబుగా పెడితే జనం ఊరుకోరు. పక్కన పెట్టేద్దాం.

ఇప్పుడు చేతిలో మూడు మాటలు. అందరూ ఏం చేస్తారు? ఒకటి కొడతారు, తప్పితే రెండోది, తప్పితే మూడోది. బోర్డ్ కొట్టి తప్పిందనుకోండి, మిగతా రెంటిలో ఏదో తెలియదు. నేను చెప్పేది వేరే. బిగిన్ అని కొట్టండి. బి, ఇ, జి, ఐ, ఎన్. ఇందులో ఇ, ఎన్ లేవని మనకు ముందే తెలుసు. ఆకుపచ్చగా ఖాయమైన ఏ, ఆర్, డి ఒక్కటీ ఇందులో లేవు. అంటే ఇది జవాబు అయ్యే అవకాశం సున్నా. అయినా కొట్టండి. బి ఆకుపచ్చ అయితే బోర్డ్. జి పసుపు అయితే గార్డ్. అన్నీ బూడిద అయితే అవార్డ్. నాలుగో మాటకి పని అయిపోతుంది, అదృష్టంతో పనిలేదు. మా ఇంట్లో పిల్లలు దీన్ని ఒప్పుకోరు. తప్పని తెలిసీ కొట్టడమేంటి అంటారు. ఆటలో హార్డ్ మోడ్ అని ఒకటి ఉంది, దాంట్లో వాళ్ల మాటే చెల్లుతుంది, దొరికిన అక్షరాలను తప్పకుండా వాడాల్సిందే.

హార్డ్ మోడ్ ఎక్కడ కొంప ముంచుతుందో చూడండి. చివరి నాలుగు గళ్లు ఐ, జి, హెచ్, టి అని తేలాయి. మొదటి గడి ఒక్కటే ఖాళీ. ఇంకేముంది, గెలిచేశామనుకుంటాం. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, ఆపైన ఎయిట్. ఎనిమిది! నాలుగు ఆకుపచ్చ గళ్లు పెట్టుకుని ఓడిపోయినవాళ్లు ఎంతమందో. మామూలు ఆటలో అయితే ఫిల్మ్స్ అని కొట్టండి. ఎఫ్, ఐ, ఎల్, ఎం, ఎస్. ఒక్క దెబ్బకు నాలుగు మొదటి అక్షరాలు పరీక్షకు వచ్చేశాయి. నాలుగూ కావంటే మిగిలినవి నైట్, రైట్, టైట్, ఎయిట్. అప్పుడు ఇనర్ట్ కొట్టండి. ఐ, ఎన్, ఇ, ఆర్, టి. ఎన్ పసుపైతే నైట్, ఆర్ పసుపైతే రైట్, ఇ పసుపైతే ఎయిట్, ఆ మూడూ లేకపోతే టైట్. ఇంటికెళ్లి కాగితం మీద వేసి చూసుకోండి.

లెక్కల మాస్టారు ఒకరు ముందు వరసలో కూర్చున్నారు కాబట్టి ఒక చిన్న సంగతి. ఐదు గళ్లు, ఒక్కోదానికి మూడు రంగులు. మొత్తం ఎన్ని రకాల ఫలితాలు రావచ్చు? 243 అంటారు. నిజానికి 238. ఎందుకంటే నాలుగు ఆకుపచ్చలు, ఒక పసుపు రావడం అసాధ్యం. నాలుగు అక్షరాలు వాటి చోట్ల ఉంటే ఐదోది వెళ్లడానికి ఇంకో చోటు ఎక్కడుంది? అలాంటివి ఐదు తీసేయాలి.

ఇక ఏ అక్షరాలతో మొదలుపెట్టాలన్నది. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఇ. టెలిగ్రాఫ్ రోజుల్లోనే, చుక్కలు గీతల సంకేత భాషకు పేరుపడ్డ మోర్స్‌తో పనిచేసిన ఆల్ఫ్రెడ్ వెయిల్ అచ్చాఫీసులో ఏ అక్షరం దిమ్మెలు ఎన్నున్నాయో చూసి, ఎక్కువున్నవాటికి పొట్టి సంకేతాలు ఇచ్చాడంటారు. అందుకే ఇకి ఒక్క చుక్క, టికి ఒక్క గీత. స్క్రాబుల్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ ఉద్యోగం పోయిన ఆర్కిటెక్టు, 1930లలో పేపర్లు ముందేసుకుని అక్షరాలు లెక్కపెట్టాడు. వంద బిళ్లల్లో ఇ 12, ఏ 9, ఐ 9. క్యూ, జెడ్, జె, ఎక్స్, కె ఒక్కొక్కటే. మరి ఎస్? నాలుగే. అంత విరివిగా వచ్చే అక్షరానికి నాలుగే ఎందుకంటే, ఎస్ చేతిలో ఉంటే ప్రతి మాటనూ బహువచనం చేసేసి బతికేస్తారని ఆయన భయం. ఎనభై ఏళ్ల తర్వాత వార్డిల్‌కీ అదే భయం. ఊహగా కొట్టనిచ్చే మాటల్లో మూడో వంతుకు దగ్గరగా ఎస్‌తో ముగుస్తాయి. జవాబుల జాబితాలో మాత్రం బుక్స్, కార్ట్స్ లాంటి ఉత్త బహువచనాలు పెట్టలేదు. కాబట్టి చివర ఎస్ పెట్టి ఆశపడకండి. జవాబుల్లో చివర ఎక్కువగా వచ్చేవి ఇ, ఆ తర్వాత వై. మొదట్లో అన్నిటికన్నా ఎక్కువ ఎస్. ఒకే అక్షరం ఒక చివర రాజు, ఇంకో చివర దిక్కులేనిది. అక్షరం ఉందా అని కాదు, ఎక్కడుంది అని అడగమంటున్నది ఇందుకే.

కంప్యూటర్ ఎలా వెతుకుతుందని కొందరు పిల్లలు ముందే అడిగారు. మాయ ఏమీ లేదు. మాటల ఫైలు తీసుకుని ముందు పొడవును బట్టి విడదీస్తుంది, ఐదువి ఐదువే, ఆరువి ఆరే. తర్వాత తెలియని గడికి ఒక గుర్తు పెడతాం. లైనక్స్‌లో మాటలు వెతికే గ్రెప్ అనే పనిముట్టులో అది చుక్క. ఎక్సెల్లో సరిపోయే గళ్లను లెక్కపెట్టే కౌంటిఫ్‌లో అయితే ప్రశ్నార్థకం. మీ ఇంట్లో ఎక్సెల్ ఉంటే చాలు, వేరే యాప్ అక్కర్లేదు.

గజిబిజిగా ఇచ్చిన అక్షరాలతో మాట కావాలంటే దానికో పాత చిట్కా ఉంది. ప్రతి మాట పక్కనా దాని అక్షరాలనే ఏ నుంచి జెడ్ వరస ప్రకారం పేర్చి రాసుకోవాలి. లిజన్ తీసుకోండి, ఇ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి అవుతుంది. సైలెంట్ పేర్చినా అదే. ఎన్‌లిస్ట్, టిన్సెల్, ఇన్‌లెట్స్ కూడా అదే. ఐదూ ఒకే చిరునామాకు చేరాయి. ఇచ్చిన అక్షరాలను కూడా అలాగే పేర్చి ఆ చిరునామా చూస్తే సరి, వెతకాల్సిన పని లేదు.

2022లో మ్యాట్ పార్కర్ అనే గణిత ప్రచారకుడు ఒక సరదా ప్రశ్న పట్టుకున్నాడు. ఐదక్షరాల మాటలు ఐదు కావాలి, మొత్తం 25 అక్షరాల్లో ఒక్కటీ రెండోసారి రాకూడదు. ఆయన రాసుకున్న ప్రోగ్రాం దాదాపు నెల రోజులు నడిచి జవాబులు ఇచ్చింది. అందులో ఒకటి: ఫ్యోర్డ్, గక్స్, నింఫ్, వైబెక్స్, వాల్ట్జ్. ఇరవై ఆరులో క్యూ ఒక్కటే మిగిలింది. ఆయన ఆ సంగతి బయటపెట్టాక వినేవాళ్లు ఊరుకుంటారా? ఒకాయన అదే పని పావుగంటకు దించాడు. తర్వాతివాళ్లు సెకనులో చిన్న భాగానికి తెచ్చారు. మొత్తం 538 జవాబులు తేలాయి. ఇది యంత్రాల గొప్ప మాత్రమే కాదు. వెతికే పద్ధతి మారింది. తర్వాతివాళ్లలో కొందరు అరుదైన అక్షరాల నుంచి మొదలుపెట్టారు. క్యూ, జె, ఎక్స్ ఉన్న మాటలు కొన్నే ఉంటాయి కాబట్టి దారులు మొదట్లోనే తగ్గిపోతాయి. 

మనం చేత్తో వెతికేటప్పుడూ ఇదే. క్రాస్‌వర్డ్‌లో ఇ దొరికితే సంతోషించకండి, కె దొరికితే సంతోషించండి. రెండో గడిలో హెచ్ ఉంటే మొదట్లో సాధారణంగా సి, ఎస్, టి, డబ్ల్యూ, పి, లేకపోతే ఒక అచ్చు. రెండో గడిలో ఎన్ ఉండి ముందు హల్లు కావాలంటే కె, జి, ఎస్ చాలు. నైఫ్, నోమ్, స్నేక్. చివరి గడిలో వి పెట్టాల్సి వచ్చిందంటే ఎక్కడో తప్పు చేశారని అర్థం. రోజూ వాడే మాటలు వితో ముగియవు, గివ్, లవ్, హ్యావ్ అన్నిటికీ ఇ తోక ఉంటుంది. అచ్చులు ఏ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటీ తగలకపోతే వై పెట్టి చూడండి. క్రిప్ట్, నింఫ్, ఆరక్షరాల్లో రిథమ్.

టైమ్ అయిందంటున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. అడగండమ్మా.

తెలుగులో ఇలాంటి ఆట పెట్టలేమా అంటున్నారు. పెట్టొచ్చు, ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు. చిక్కు గడి దగ్గరే వస్తుంది. లక్ష్మి అన్న పేరులో అక్షరాలెన్ని? మనకు రెండు, ల, క్ష్మి. కంప్యూటరును అడిగితే ఏడు అంటుంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, ఇవన్నీ విడివిడిగా దాచుకుంటుంది అది. మనలా రెండు గళ్లే ఇస్తే, క్ష్మి అన్న గడిని ఊహించడం ఎవరి తరమూ కాదు. క సరిగ్గా కొట్టి వత్తు తప్పితే ఏ రంగు ఇవ్వాలి? గుణింతం తప్పితే? ఆకుపచ్చకూ పసుపుకూ మధ్య ఇంకో రెండు రంగులు కావాలి. నా మటుకు నేను గడిలో హల్లు సరిపోతే ఒక రంగు, గుణింతంతో సహా సరిపోతే ఇంకో రంగు పెడతాను. చేయగలిగిన పిల్లలు ఈ హాల్లోనే ఉన్నారు, సెలవుల్లో కూర్చోండి.

వెళ్లేముందు ఒకటి ఇస్తాను, రాసుకోండి. ఏడు గళ్లు. మొదటి అక్షరం క్యూ. రెండోది యు కాదు. మధ్యలో ఒకే అక్షరం పక్కపక్కన రెండుసార్లు వస్తుంది. చివర ఐ. ఇంగ్లీషు స్క్రాబుల్ నిఘంటువులోనే ఉంది. ఇంగ్లీషులో వెతక్కండి, నాంపల్లి దర్గా వైపు వెళ్లినవాళ్లను అడగండి. నమస్కారం.